తెల్ల గులాబీకి వత్తి

మొదటి గులాబీ నా చేతిలో నిలబడ్డ రోజు నేను అన్నం వండడం మర్చిపోయాను.

స్టౌ మీద గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఇంకో చిన్న గిన్నె, అందులో కరుగుతున్న మైనం. కరిగినదాన్ని నూనె రాసిన స్టీలు పళ్లెంలో పలచగా పోయాలి. అది చల్లారీ చల్లారకముందే మందుసీసా మూతతో గుండ్రటి బిళ్లలు కోయాలి. ఒక్కో బిళ్ల అంచును చెంచా వెనకవైపుతో నొక్కి పలచన చేసి, నడుమ వత్తి పెట్టి, దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోవాలి. మైనం మన మాట వినేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో పువ్వయితే అయినట్టు, లేకపోతే మళ్లీ గిన్నెలోకే. నాకు పదకొండోసారి అయింది. అయిందని చూసుకుని ఒక్క కేక పెట్టాను. హాల్లో టీవీ చూస్తున్న మా అత్తమ్మ నా చెయ్యి కాలిందేమోనని పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే పిల్లా?"

"పువ్వయింది అత్తమ్మా! చూడు!"

ఆమె చూసింది. నా చేతిలో పువ్వును, మైనం పట్టిన పాల గిన్నెను, ఇంకా స్టౌ ఎక్కని కుక్కర్‌ను వరసగా చూసింది.

"పువ్వయితే మంచిగనే అయింది. మరి అన్నం ఎప్పుడైతది?" అంది.

నాకు అదో జబ్బు. ఏదైనా పట్టుకున్నానంటే కాలు ఒకచోట నిలవదు. దీనికి ముందు ఊలుతో తోరణాలు అల్లే పిచ్చి పట్టి ఆర్నెల్లలో వదిలింది. ఈ పువ్వుల కొవ్వొత్తుల పిచ్చిని అంటించింది మా అమ్మాయి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, రోజంతా ఫోన్‌లోనే ఉంటుంది. ఒక రోజు ఒక వీడియో చూపించి, "అమ్మా, గిది నువ్వు చెయ్యలేవు," అంది. ఇక చూసుకోండి. వారం తిరగకముందే మా శివనగర్ ఇంట్లో వంటింటి గట్టంతా మైనం, జల్లెడలో మైనం, మా ఆయన చొక్కా మీద మైనం. ఆయన ఒక్క మాటే అన్నాడు. "జర గ్యాస్ చూసుకో."

రంగుల దగ్గర మాత్రం పరువు పోయింది. బతుకమ్మకు గునుగు పువ్వును ముంచే గులాబీ రంగు పొడి ఇంట్లో ఒక పొట్లం మిగిలి ఉంది. వేడినీళ్లలో అంత చక్కగా కలిసే రంగు మైనంలో కలవదా అని పోశాను. కలవలేదు, ఇసుకలా అడుగున కూర్చుంది. పోనీ నీళ్లలో కలిపి పోద్దామని చూస్తే మైనం చిటపటమంటూ నా ముఖం మీదికే లేచింది. అప్పుడు మా అమ్మాయి అటక మీదున్న తన చిన్నప్పటి క్రేయాన్ల డబ్బా దించింది. "ఇవి గూడ మైనమే గదమ్మా," అంది. నిజమే! తురిమి వేస్తే నిమిషంలో కలిసిపోయింది. ఎర్ర గులాబీ, పసుపు గులాబీ, లేత ఊదా గులాబీ. ఇంట్లో ముగ్గురున్నా నలుగురున్నా పట్టించుకోకుండా నేను గంతులేశాను.

రెండు నెలల్లో ఇరవై దాకా చేశాను. అడిగినవాళ్లకిచ్చాను, అడగనివాళ్లకూ ఇచ్చాను. వర్ధన్నపేటలో ఉండే మా ఆడబిడ్డ దాన్ని అందుకుని, చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా షోకేసులో పెళ్లి ఫొటో పక్కన పెట్టింది.

"ముట్టిచ్చి చూస్తవా వదినా?" అన్నాను.

"పిచ్చా నీకు? గంత మంచిగున్నదాన్ని కాలవెడ్తరా?"

ఏ ఇంట్లోనైనా అదే మాట. షోకేసు, లేకపోతే టీవీ పక్కన, లేకపోతే ఫ్రిజ్ మీద. ఒక్కరూ వెలిగించలేదు. మా ఇంట్లోనూ అంతే. "పువ్వుకు అగ్గి పెడ్తరా ఎవలన్న?" అని అత్తమ్మ మొదటి రోజే తేల్చేసింది. నాకూ చేతులు రాలేదు. పైగా, ఎవరూ కాల్చలేదంటే నా పనితనానికి అది మెచ్చుకోలు అనుకుని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెమే నా కొంప ముంచబోతోందని నాకేం తెలుసు.

మా పక్కింటి ఆంటీ ఒక మధ్యాహ్నం వచ్చింది. వాళ్లు క్రైస్తవులు. అంకుల్ రైల్వేలో చేసేవాడు, నాలుగేళ్ల కిందట పోయాడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురి పెళ్లి ఇంకో ఎనిమిది రోజులుంది. ఆంటీకి, మా అత్తమ్మకు బాగా స్నేహం. ఆ రోజు చాయ్ తాగుతూ ఆంటీ గ్లాసు సగంలో కింద పెట్టేసింది.

సంగతేమిటంటే, ఈ మధ్య వాళ్ల చర్చి పెళ్లిళ్లలో ప్రార్థన మొదలయ్యే ముందు ఇరువైపుల తల్లులు కలిసి ఒక పెద్ద కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. అది ముందున్న బల్ల మీద ఆరాధన అయిపోయేదాకా వెలుగుతూ ఉండాలి. ఆంటీ వాళ్ల మరిది ఆ పని తన భార్యతో చేయిస్తానంటున్నాడు.

"నన్ను ముట్టియ్యద్దంటాండు అక్కా. నా చేతుల ఆరిపోతే పిల్లకు మంచిది గాదంట," అంది ఆంటీ.

"మీ దాంట్ల గూడ గివి ఉన్నయా చెల్లె?" అని అత్తమ్మ ఆశ్చర్యంగా అడిగింది.

"పుస్తకంల లేవక్కా. మనుషులల్ల ఉన్నయ్. పాస్టర్‌ను అడిగిన. తల్లివి నువ్వు, నువ్వే ముట్టియ్యి అన్నడు. నేనే ముట్టిస్త." ఆమె నావైపు తిరిగింది. "గని అది నడుమల ఆరిపోవద్దు బిడ్డా. ఆరిపోయిందనుకో, మా మరిది మాటనే నిజమైతది. రేపు నా బిడ్డకు తలనొప్పొచ్చినా నా చెయ్యినే అంటరు. నువ్వు చేసిన పువ్వుదైతే మంచిగుంటదని నా పాణం."

నేను ముందూ వెనకా చూడలేదు. "ఫికర్ చెయ్యకుండ్రి ఆంటీ! ఇంత పెద్ద తెల్ల గులాబీ, దాని నడుమల దీపం. గంట గాదు, మూడు గంటలు వెలుగుతది!" అని చేతులు చాపి మరీ చూపించాను. ఆంటీ కళ్లు తుడుచుకుని, మిగిలిన చాయ్ తాగి వెళ్లింది.

ఆమె గేటు దాటిందో లేదో మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తింది. "అమ్మా, నువ్వు గివాట్ల ఒక్కటన్న ముట్టిచ్చినవా ఎప్పుడన్న?"

లేదన్నట్టు తలూపి, గట్టు మీదున్న ఎర్ర గులాబీని తిప్పి తిప్పి చూశాను.

ఆ సాయంత్రం అత్తమ్మ టీవీ కూడా పెట్టలేదు. ఎందుకో నాకు తెలుసు. మా మామయ్య పోయి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి ఆమె ఏ పెళ్లికి వెళ్లినా వెనక వరసలో కూర్చుంటుంది. దీపం పెట్టే సమయానికి మంచినీళ్లనో, చెప్పులనో ఏదో వంకతో లేచి వెళ్లిపోతుంది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు, ఉండమనీ ఎవరూ చెప్పలేదు. మా గృహప్రవేశం రోజు కూడా దీపం దగ్గరికి పిలిస్తే, పాలు చూస్తానని వంటింట్లోకి వెళ్లింది. నేనూ రెండోసారి పిలవలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మరునాడు పొద్దున వంటింటి కిటికీలు మూసి, ఉన్నవాటిలో మంచి ఎర్ర గులాబీని నేల మీద పెట్టాను. అగ్గిపుల్ల గీశాను గాని చెయ్యి ముందుకు పోదు. పుల్ల వేళ్ల దాకా కాలింది. రెండోది గీశాను. "నేను చూడ," అని అత్తమ్మ గోడవైపు తిరిగింది. మా అమ్మాయి ఫోన్‌లో టైమర్ మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని అంటించాను.

అబ్బ! ఏమి వెలుగు! రెక్కల లోపలినుంచి ఎర్రటి కాంతి వచ్చింది. వంటింటి గోడంతా గులాబీ రంగు. అత్తమ్మ కూడా ఇటు తిరిగింది. ముగ్గురం దాని చుట్టూ గొంతుక్కూర్చుని, ఊపిరి తగిలితే ఆరుతుందేమోనని నోళ్లు మూసుకున్నాం. ఇన్నాళ్లూ దీన్ని చూడకుండా షోకేసుల్లో మగ్గబెట్టామే అనుకున్నాను.

ఆరో నిమిషంలో లోపలి రెక్క మెత్తబడి వత్తి మీదికి వాలింది. దాని వెనకే ఇంకోటి వాలింది. సుయ్‌మని చప్పుడు, ఇంత పొగ. మళ్లీ అంటిస్తే మంట ఆవగింజంత అయి, కాసేపు కొట్టుకుని ఆరిపోయింది. పసుపుది అంటించాను, ఏడు నిమిషాలు. ఊదాది అంటించాను, అయిదే. ఎనిమిది రోజుల్లో ఒకటి గడిచింది, మూడు పువ్వులు పోయాయి, ఆంటీకి నేను మూడు గంటలని మాటిచ్చాను.

నాకు భయమేస్తే కోపంగా బయటికొస్తుంది. మా అమ్మాయిని ఊరికే కసిరాను. మా ఆయన, "బజార్ల మంచిది దొరుకుతది, తెచ్చిద్దాం తియ్యి," అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈ గొడవంతా జరుగుతుండగా అత్తమ్మ ఆరిపోయిన కొవ్వొత్తిని ఒళ్లో పెట్టుకుని, వేలితో మైనం గీకి, వత్తిని బయటికి లాగింది. వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది.

"గిదేం వత్తి? ఏడ తెచ్చినవ్?"

"ఆన్‌లైన్ల వచ్చింది అత్తమ్మా."

"సన్నటి దారం లెక్కున్నది. ఇంత పువ్వు కరిగితే ఆ మైనమంతా గీ దారం తాగుతదా? మునిగి సస్తది. ఇగ గిది సూడు." వత్తి కొసన నల్లటి ఉండ ఒకటి పేరుకుంది. "మురికి నూనెల దీపం పెడ్తే గిట్లనే అయితది. నువ్వు కలిపిన రంగు పోయి వత్తికి అడ్డం వడ్డది. ఆ పిల్ల రంగుబలపాలు బంద్ చెయ్యి. తెల్ల పువ్వేనాయె, తెల్లగనే ఉండనియ్యి."

నేను నోరెళ్లబెట్టాను. రెండు నెలలుగా వీడియోలు చూసి నేర్చుకున్న నేనేమో కోపంతో గిన్నెలు ఎత్తేస్తుంటే, పువ్వుకు అగ్గి పెట్టొద్దన్న మనిషి ఒక్క చూపులో రోగం పట్టేసింది. అరవై ఏళ్లుగా ఇంట్లో దేవుడి దగ్గర రోజూ దీపం పెట్టే మనిషి మరి.

లోపలికెళ్లి ట్రంకు పెట్టె తీసింది. నెక్కొండ దగ్గరున్న తన చేనులోని పత్తి, గింజలు చేత్తో ఏరి, కార్తీకమాసం వత్తుల కోసం దాచుకున్నది. దాన్ని ఒళ్లో వేసుకుని, వేళ్లకు విభూతి అద్దుకుంటూ పేనడం మొదలుపెట్టింది. మొదట లావుగా ఒకటే వత్తి చేసింది. దాన్ని పెట్టి వెలిగిస్తే దివిటీలా లేచింది. వంటింటి స్లాబు మీద నల్లటి మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. అందరం దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాం. నేను ఇక లాభం లేదనుకున్నాను గాని ఆమెకు మాత్రం హుషారు పెరిగింది.

"వదులుగున్నది. అందుకే గుంజుకుంటాంది," అని కాసేపు ఆలోచించి, మనవరాలిని పిలిచింది. "ఇటు రాయే, వెనక్కి తిరుగు. నీ జడ సూడనియ్యి."

జడ పట్టుకుని చూసి, పత్తిని మూడు సన్నటి పోగులుగా పేని, వాటిని బిగించి బిగించి జడలా అల్లింది. నేను దాన్ని కరిగిన మైనంలో ముంచి, వంకర పోకుండా బట్టల తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీశాను. పక్కన ఉతికిన బట్టలు, మధ్యలో మా వత్తి!

పువ్వు సంగతి ఇంకా మిగిలింది. నేను మహా గొప్పగా చెప్పుకునేది నా గులాబీ లోపలి మొగ్గ గురించే, అంత బిగుతుగా చుట్టేదాన్ని. అత్తమ్మ పెరట్లోంచి ఒక నిజం గులాబీ తెంపుకొచ్చి నా ముందు పెట్టింది. "విచ్చుకున్న పువ్వుల రెక్క ఎటు వంగుతది? బయటికి. నువ్వేమో లోపటికి ముడుస్తానవ్. మెత్తవడితే లోపట్నే పడ్తయి మరి."

నాకు రోషమొచ్చింది, నిజం చెప్పాలి. కానీ ఆమె చెప్పింది నిజం. మొగ్గ తీసేశాను. వత్తి చుట్టూ రెండు వేళ్లంత ఖాళీ వదిలి, ప్రతి రెక్కనూ వెనక్కి వాల్చి అతికించుకుంటూ పోయాను. ఆ పనిలో నా చూపుడువేలు రెండుసార్లు కాలింది. అయినా ఆపలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం వెలిగించాం. పది నిమిషాలు దాటింది. అరగంట దాటింది. ఒక్కొక్క రెక్కా మెత్తబడి, నిదానంగా బయటికి వాలుతోంది. పువ్వు మా కళ్ల ముందే విచ్చుకుంటోంది! గంట దాటగానే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని ఎగిరింది. రెండు గంటల పది నిమిషాలకు నేనే ఇక చాలని ఆపాను. అత్తమ్మ చప్పట్లు కొట్టింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. ఆమె చప్పట్లు కొట్టడం చూడడం నాకదే మొదటిసారి.

మిగిలిన రోజుల్లో పెళ్లికి కావాల్సింది తయారుచేశాను. జానెడు వెడల్పు మైనం దిమ్మ, దాని మీద ముప్పై ఆరు రెక్కల తెల్ల గులాబీ. టేబుల్ ఫ్యాన్ గాలికి ఓ చిన్నదాన్ని పరీక్షిస్తే మెల్లటి గాలిని తట్టుకుంది, జోరు గాలికి ఆరింది. వెంటనే ఆంటీకి ఫోన్ చేసి, బల్ల దగ్గర ఫ్యాన్ వేయనివ్వొద్దని చెప్పాను.

పెళ్లి రోజు కొవ్వొత్తిని కుక్కర్ అట్టపెట్టెలో, చుట్టూ పాత చీర కుక్కి, మోకాళ్ల మధ్య పెట్టుకుని ఆటోలో వెళ్లాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముగ్గురం ఒకేసారి "మెల్లగ!" అని అరుస్తుంటే ఆటో అతను బాంబేమైనా ఉందా అని అడిగాడు. అత్తమ్మ మొదట రానంది. చివర్లో మాత్రం, "వత్తి ఎట్లుంటదో సూడాలె," అని చీర మార్చుకుంది.

చర్చి నిండిపోయింది. అత్తమ్మ అలవాటుగా వెనక వరసవైపు నడిచింది. నేను ఈసారి చెయ్యి పట్టుకుని మూడో వరసలోకి లాక్కొచ్చాను. ముందు బల్ల మీద మా గులాబీ. దాని పక్కనే ఆంటీ మరిది, సూటు వేసుకుని చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఆయన భార్య మొదటి వరసలో కూర్చుంది.

తల్లులిద్దరినీ పిలిచారు. పెళ్లికొడుకు తల్లి అగ్గిపెట్టె ఆంటీ చేతికిచ్చి, ఆంటీ మోచేతి మీద చెయ్యి వేసింది. ఆంటీ పుల్ల గీసింది. దాన్ని పైనుంచి వత్తి కొసకు పెట్టింది. మైనంలో ముంచిన కొత్త వత్తి చప్పున అంటుకోదు, కాసేపు పట్టి ఉంచాలి. ఆ ఒక్క ముక్క ఆంటీకి చెప్పడం నేను మర్చిపోయాను! పుల్ల ఆరిపోయింది. రెండోది గీసింది, అదీ ఆరింది. మరిది తన భార్య వైపు చూశాడు. ఆమె సగం లేచింది. ఇంత చేసి, ఇన్ని పువ్వులు కాల్చి, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నా పక్కన కుర్చీ కదిలిన చప్పుడైంది. చూస్తే అత్తమ్మ లేదు. అందరి మధ్యలోంచి, ఎటూ చూడకుండా బల్ల దగ్గరికి నడిచిపోతోంది.

"పైనుంచి గాదు చెల్లె, పక్కనుంచి పట్టాలె. ఆగు," అంది. చర్చిలో అందరికీ వినబడింది. ఆంటీ మూడో పుల్ల గీసింది. అత్తమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, పుల్లను వత్తి పక్కకు తెచ్చి, అక్కడే ఉంచింది. ఇద్దరి చేతులూ కలిసి ఉన్నాయి. వత్తి అంటుకుంది.

ఎవరో గాలి ఆడడం లేదని నిలువు ఫ్యాన్‌ను అటు తిప్పారు. మంట ఒక్కసారిగా పక్కకు పడుకుంది. నేను అరవబోయేంతలో ఆంటీ మరిది రెండడుగులు పక్కకు జరిగి, ఫ్యాన్‌కు అడ్డంగా తన వీపు పెట్టి నిలబడ్డాడు. మంట మళ్లీ లేచింది. ఆరాధన గంటంబావు సాగింది, ఆయన అక్కడినుంచి కదల్లేదు. ఆయన మీద నాకున్న కోపం సగం తగ్గింది. సగమే.

పాటలు పాడుతున్నంతసేపూ నేను పెళ్లికూతురిని చూడలేదు, పెళ్లికొడుకును చూడలేదు. రెక్కలనే లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాను. ఆఖరి ప్రార్థన అయ్యేసరికి ముప్పై ఆరూ విచ్చుకున్నాయి. నడుమ దీపం నిటారుగా వెలుగుతోంది. ఆంటీ పరుగులాంటి నడకతో వచ్చి నన్ను కాదు, మా అత్తమ్మను కావలించుకుంది. నేను మాత్రం కనిపించినవాళ్లందరికీ "ఆ వత్తి మా అత్తమ్మదే" అని చెప్పుకుంటూ తిరిగాను.

భోజనాలయ్యాక తిరుగు ఆటోలో అత్తమ్మ ఖాళీ కుక్కర్ పెట్టెను కాళ్ల దగ్గర సర్దుకుంది. తర్వాత మనవరాలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"దీని పెండ్లికి గూడ గిసొంటిది ఒకటి చెయ్యాలె."

"నేను పెండ్లే చేసుకోను నానమ్మా," అంది మా అమ్మాయి.

అత్తమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. నావైపు తిరిగింది.

"పువ్వు నువ్వే చెయ్యి, నీ ఇష్టమున్నట్టు చెయ్యి. ముట్టిచ్చేది మాత్రం నేనే. ఇంకెవల్నీ పిలువకు."